నిషేధం తర్వాత తొలి వేట: ఒడ్డున తిరిగిన ఇంజన్ మొగలో ఎందుకు ఆగిపోతుంది?

సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఈ రెండు నెలలూ బోటు ఇసుక మీద, ఇంజన్ పాకలో, వల అటక మీద. జూన్ 15 తెల్లవారకముందే మాత్రం అందరికీ ఒకేసారి తొందర. ఆ రోజు నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే మాట: "అన్నా, నిన్న బాగానే తిరిగింది, ఇవాళ మొగ దగ్గర ఆగిపోయింది." మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు.

ఇక్కడ రాస్తున్నది ఫైబర్ బోటు వెనక తగిలించే చిన్న టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ల గురించి. డీజిల్ ఇంజన్ ఉన్న పెద్ద బోట్ల సంగతి వేరు. బోటు దించడం, ప్లగ్గు మార్చడం, ఇంజన్ ఆయిల్ కలపడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

దించగానే బోటులోకి నీరు వస్తోంది

ముందు వెనక అడుగున ఉండే బిరడా చూడండి. నవ్వకండి, ప్రతి ఏడూ ఒకరిద్దరైనా దీనికే నన్ను పిలుస్తారు. వాన నీళ్లు నిలవకుండా నిషేధంలో బిరడా తీసి ఉంచడం మంచి అలవాటే. తీసినదాన్ని ఎక్కడ పెట్టామో మర్చిపోవడమే చిక్కు. తీసిన రోజే దాన్ని ఇంజన్ లాగే తాడు పిడికి కట్టేయండి. స్టార్ట్ చేయాలని చెయ్యి పెట్టగానే అదే తగులుతుంది.

బిరడా బిగించాక కూడా నీరు వస్తుంటే ఎక్కడో పగులు ఉన్నట్టే. బయట నుంచి వెతికితే రంగు గీతలన్నీ పగుళ్లలాగే కనిపిస్తాయి. అందుకే పని తిరగేసి చేయాలి. బోటు ఒడ్డున ఉండగానే లోపల నాలుగైదు బిందెల నీళ్లు పోయండి, అడుగు బయటివైపు పొడిగుడ్డతో తుడవండి, అరగంట ఆగి ఎక్కడ చెమ్మ దిగుతోందో చూడండి. నేను చూసినంతలో ఎక్కువసార్లు ఇసుక మీద లాగేటప్పుడు రాసుకునే వెన్ను మీద కనిపిస్తుంది, లేదా ఇంజన్ బిగించే వెనక పలక మూలల్లో. వెన్ను మీదైతే గీకి, పూర్తిగా ఆరనిచ్చి, ఫైబర్ మ్యాటు, రెజిన్ వేస్తే సరిపోతుంది. తడి మీద రెజిన్ పట్టదు. సాయంత్రం పూసి పొద్దున్న దించేద్దామనే తొందరే అతుకు ఊడిపోవడానికి కారణం. వెనక పలకను సుత్తి పిడితో కొట్టి చూడండి. టకటకమనాల్సింది బొదబొదమంటే లోపల చెక్క నానిపోయింది. అలాంటి బోటుకు ఇంజన్ బిగించి సముద్రంలోకి వెళ్లకండి.

చెక్క నావ అయితే భయపడకండి. రెండు నెలల ఎండకు పలకలు కుంచించుకుపోయి సందులు విడతాయి. ఒకటి రెండు రోజులు నీళ్లు పట్టిస్తే ఉబ్బి మూసుకుంటాయి. అప్పటికీ కారితేనే సందులు కట్టించాలి.

తాడు ఎంత లాగినా ఇంజన్ అందుకోవడం లేదు

చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పు దాని చోట ఉందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? ట్యాంకు మూత మీద గాలి స్క్రూ విప్పారా? పెట్రోలు పైపు కనెక్టరు టక్కుమని కూర్చుందా? పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు పంపు మీద బాణం గుర్తు ఇంజన్ వైపు ఉందా? పైపు కొత్తది వేసినప్పుడు ఆ బాణం తిరగబడటం మామూలే. ఇవన్నీ కలిపి ఒక నిమిషం పని. ఈ నిమిషం మిగుల్చుకుందామని మూడు గంటలు తాడు లాగి భుజం పట్టేసిన వాళ్లను చూశాను.

ఇవి సరిగ్గా ఉంటే ప్లగ్గు తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే కొత్త ప్లగ్గు వేసి, చోక్ తీసేసి లాగండి. తడిలో నీటి చుక్కలు పూసల్లా నిలిచి కనిపిస్తే ఇక్కడ ఆగిపోయి నేరుగా దీని తర్వాతి శీర్షికకు రండి.

స్టార్ట్ అవుతుంది, ఏటిలో నడుస్తుంది, కెరటాల్లోకి వెళ్లగానే ఆగిపోతుంది

అసలు కథ ఇక్కడే ఉంది. లక్షణం అందరిదీ ఒకటే. ఒడ్డున నీళ్ల డ్రమ్ములో పెడితే ఒక్క లాగుకే పలికింది. ఏటిలోనూ బాగానే వెళ్లింది. మొగ దగ్గర రెండు కెరటాలు ఎక్కి దిగేసరికి దగ్గినట్టు చేసి ఆగింది. ఐదు నిమిషాలు వదిలేసి లాగితే మళ్లీ తిరిగింది. మళ్లీ కెరటం, మళ్లీ ఆగడం.

ఇది వినగానే చాలామంది ముందు ప్లగ్గు మారుస్తారు, తర్వాత కార్బురేటర్ విప్పుతారు, చివరికి ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ పోయిందని తేలుస్తారు. డబ్బు కూడా అదే వరసలో పోతుంది. ఇంజన్ మీద చెయ్యి వేయకముందు ఒక్క పని చేయండి. ఒకరు ఇంజన్ పట్టుకుని నడుపుతుంటే, ఇంకొకరు పైపు మధ్యలోని రబ్బరు పంపు పట్టుకుని కూర్చోవాలి. ఇంజన్ నీరసపడే ఆ క్షణంలో పంపు ఎలా ఉందో చూడాలి. పూర్తిగా ఆగిపోయాక చూసి లాభం లేదు. ఈ పరీక్ష మొగలో వద్దు, ఏటిలోనే చేయండి. పక్కన ఇద్దరు కూర్చుని బోటును అటూ ఇటూ ఊపితే చాలు.

పంపు చప్పిడిగా, లోపలికి పీక్కుపోయి ఉంటే ట్యాంకులోకి గాలి వెళ్లడం లేదు. మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చిందంటే దొరికినట్టే. గాలి స్క్రూ విప్పడం మరిచిపోయి ఉంటారు, లేదా రంధ్రంలో మట్టి ఉంటుంది. గోడల మీద మట్టి గూడు కట్టే కందిరీగ ఉంది చూడండి, దానికి ఇలాంటి రంధ్రాలంటే మహా ఇష్టం. పుల్లతో పొడిస్తే మట్టి ట్యాంకులో పడుతుంది కాబట్టి మూత పూర్తిగా తీసి, తిరగేసి శుభ్రం చేయండి. గాలి బాగానే వెళ్తున్నా పంపు పీక్కుపోతుంటే ట్యాంకు లోపలి జల్లెడ మూసుకుపోయింది, లేదా పాత పైపు లోపలి పొర ఊడి అడ్డుపడుతోంది. పైపు బయటకు ఎంత బాగా కనిపించినా మార్చేయండి.

పంపు మెత్తగా ఉండి, మీరు నొక్కుతున్నంతసేపు ఇంజన్ బతికి, నొక్కడం ఆపగానే పడుకుంటే పైపులోకి ఎక్కడో గాలి చొరబడుతోంది. కనెక్టర్ల లోపలి రబ్బరు రింగులు, క్లిప్పులు మార్చండి. అవి బాగుంటే ఇంజన్ మీది పెట్రోలు పంపులో పల్చటి పొర బిగుసుకుపోయి ఉంటుంది, దాని కిట్ వేయాలి.

పంపు గట్టిగానే ఉంది, నొక్కినా ఏ తేడా లేదు, ఇంజన్ మాత్రం దగ్గుతోంది. అంటే పైపులో ద్రవం బాగానే వస్తోంది. వచ్చేది పెట్రోలేనా అన్నదే ప్రశ్న. నేను పూర్తిగా మోసపోయింది ఇక్కడే.

ఆ ఏడు నా సొంత బోటే మొగలో ఆగింది. బోటు కెరటాలకు అడ్డం తిరిగింది. ముందు నుంచి లంగరు వేసి ముఖం కెరటాలకు తిప్పేలోపు రెండు కెరటాలు లోపలికి వచ్చాయి. ఎలాగో వెనక్కి తెచ్చుకున్నాం. పాకలో డ్రమ్ములో పెట్టి లాగితే శుభ్రంగా తిరిగింది. ప్లగ్గులు మార్చాను. మర్నాడు వెళ్తే మళ్లీ అదే చోట ఆగింది. కార్బురేటర్ విప్పి, కడిగి బిగించాను. డ్రమ్ములో బ్రహ్మాండంగా ఉంది, మొగలో మళ్లీ ఆగింది. కాయిల్ కూడా మార్చాను, మార్చాల్సిన అవసరమే లేకపోయినా. నాలుగో రోజు మా తమ్ముడు అడిగాడు: "డ్రమ్ములో తిప్పేటప్పుడు పెట్రోలు ఎందులోంచి పెడుతున్నావు?" పాకలో ఎప్పుడూ ఒక చిన్న క్యాను ఉంటుంది. పరీక్షలన్నీ దాంతోనే చేస్తున్నాను. బోటు ట్యాంకు బోటులోనే ఉంది. మూడు రోజులు నేను బాగుచేసింది బాగున్న ఇంజన్‌ను.

ట్యాంకు మీద అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. 14వ తేదీ సాయంత్రమే అందులో పది లీటర్ల తాజా పెట్రోలు పోయించాను. పై నుంచి టార్చి వేసి చూస్తే కొత్త పెట్రోలే, వాసన కూడా కొత్తదే. కింద నిషేధానికి ముందు మిగిలిన మూడు నాలుగు లీటర్లు ఉన్నాయన్న సంగతి తట్టలేదు.

పూర్వం పెట్రోలులో నీళ్లు పడితే అడుగున విడిగా ఉండేవి. అర గ్లాసు పడితే అర గ్లాసే. ఇప్పుడు బంకు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. 2022 నాటికి 10 శాతం, ఇప్పుడు 20 శాతం దాకా. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. మొదట కొంత నీటిని తనలో కలిపేసుకుంటుంది, పైకి ఏ తేడా తెలియదు. హద్దు దాటాక మాత్రం ఇథనాల్ పెట్రోలును వదిలేసి, నీళ్లను వెంటబెట్టుకుని అడుగుకు దిగిపోతుంది. పడినవి కొన్ని నీళ్లే అయినా అడుగున చేరే పొర అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మే ఎండలో కలిసే ఉన్నది జూన్ మొదటి వానలకు ట్యాంకు చల్లబడగానే విడిపోవచ్చు. గాలిలో తేమ ఒక్కటే ఇంత చేస్తుందని నేననుకోను. మూత కింద రబ్బరు వాషర్ ఎండి పగిలి, మూత మీద నిలిచిన వాన నీరు కొంచెం కొంచెంగా దిగడమే ఎక్కువ. నా ట్యాంకుదీ అదే కథ.

మరి ఒడ్డున ఎందుకు బాగుంటుంది? ట్యాంకు లోపల పీల్చే గొట్టం మూతి అడుగుకు అంటుకుని ఉండదు, కొంచెం పైన ఉంటుంది. ట్యాంకు కదలకుండా ఉంటే నీళ్ల పొర ఆ మూతి కిందే పడుకుంటుంది, గొట్టం మంచి పెట్రోలునే పీలుస్తుంది. కెరటం ఎక్కగానే ట్యాంకు ఒరుగుతుంది, అడుగున ఉన్నది లేచి గొట్టంలోకి వస్తుంది. ఇంజన్ సరిగ్గా ఆగకూడని చోటే ఆగుతుంది. కాసేపు వదిలేస్తే నీళ్లు మళ్లీ దిగిపోతాయి కాబట్టి మళ్లీ స్టార్ట్ అవుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం కలిపిన టూ-స్ట్రోక్ ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది, అడుగు పొరలోకి పెద్దగా వెళ్లదు. అంటే ఆ పొరను మింగిన ఇంజన్ ఆయిల్ లేకుండా తిరుగుతున్నట్టు లెక్క. ఆగిపోయిందా, అదృష్టం. దగ్గుతూ దగ్గుతూ అలాగే తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది.

చూసుకోవడం ఇలా. ట్యాంకును ఒక మూలకు వంచి, కింద చెక్క పెట్టి అరగంట కదపకుండా ఉంచండి. ఆ మూల అడుగు నుంచి చేతి పంపుతో అర లీటరు తీసి గాజు సీసాలో పోయండి. నోటితో పీల్చవద్దు, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. పది నిమిషాలు ఆగితే మధ్యలో గీత కనిపిస్తుంది. చాలా టూ-స్ట్రోక్ ఆయిళ్లకు నీలం, ఆకుపచ్చ లాంటి రంగు ఉంటుంది కదా, ఆ రంగు సాధారణంగా పైనే ఉంటుంది, కింద పొర పాలిపోయి ఉంటుంది. సీసా మొత్తం ఒకే రంగులో ఉంటే అర గ్లాసు నీళ్లు పోసి చూడండి. ఆ నీళ్లు అడుగున విడిగా కూర్చుంటే తీసింది పెట్రోలే. గీత లేదు, నీళ్లూ కనిపించకుండా కలిసిపోయాయంటే మీరు తీసిందంతా అడుగు పొరే. కిరోసిన్ మీద నడిపేవాళ్లకు ఇథనాల్ బాధ లేదు, నీళ్లుంటే అడుగున పూసల్లా దొర్లుతూ కనిపిస్తాయి. కానీ స్టార్ట్ చేయడానికి పెట్టుకునే చిన్న పెట్రోలు ట్యాంకును కూడా ఇలాగే చూడండి, ఏడాదంతా నిలవ ఉండేది అదే.

గీత కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే. పైది వడకట్టి వాడుకుందామని అనిపిస్తుంది. ఇథనాల్ దిగిపోయాక పైన మిగిలింది బంకులో పోయించుకున్న పెట్రోలు కాదు, దాని సత్తువ తగ్గిపోయింది. పైన ఇంకో ఐదు లీటర్లు కొత్తది పోస్తే సర్దుకుంటుందన్న మాట కూడా నమ్మకండి, నేను చేసింది అదే. మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి తీసి ఇంజన్ సర్వీస్ చేసేవాళ్లకు ఇచ్చేయండి. ఏటిలో పోయకండి.

తర్వాత ట్యాంకును కొంచెం కొత్త పెట్రోలుతో రెండుసార్లు గిలక్కొట్టి తీసేయండి, నీళ్లతో కడగకండి. పైపు, రబ్బరు పంపు ఖాళీ చేయండి. ఫిల్టరు మార్చండి. కార్బురేటర్ కింద గిన్నె స్క్రూ విప్పి అందులో ఉన్నది వదిలేయండి. అడుగున తెల్ల పొడి పేరుకుని ఉంటే మాత్రం విప్పి కడగక తప్పదు. ప్లగ్గు తీసి సిలిండర్‌లో కొంచెం టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి, నాలుగైదుసార్లు నెమ్మదిగా తాడు లాగి, ఆ తర్వాత ప్లగ్గు బిగించండి. మూత వాషర్ కొత్తది వేయండి. కొత్త పెట్రోలుకు ఆయిల్ మీ ఇంజన్ పుస్తకంలో చెప్పినంతే కలపండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. భయం కొద్దీ రెట్టింపు పోస్తే ప్లగ్గులు మసిబారతాయి.

ఇంకా ముఖ్యం, డ్రమ్ములో పరీక్ష చేసేటప్పుడు సముద్రంలోకి వెళ్లే ట్యాంకు, వెళ్లే పైపే తగిలించండి. ఇంజన్ తిరుగుతుండగా ట్యాంకును అటూ ఇటూ వంచండి. పది నిమిషాలు అలా తట్టుకుంటే మొగలోనూ తట్టుకుంటుంది. ఏప్రిల్‌లో బోటు లాగేసిన రోజే ట్యాంకులో మిగిలింది తీసి టూ-స్ట్రోక్ బండిలో పోసుకోగలిగితే ఈ బాధే లేదు. ఆయిల్ కలిపింది నాలుగు-స్ట్రోక్ బండికి పనికిరాదు కాబట్టి చివరి వారం ఆయిల్ కలిపి పెట్టుకునే పెట్రోలే కొంచెం తక్కువ చేసుకోండి.

నీటి ధార రావడం లేదు

ఇంజన్ పక్కన చిన్న రంధ్రం నుంచి సన్నగా నీళ్లు చిమ్ముతాయి. మా దగ్గర దాన్ని ఏమంటారో ఇక్కడ రాయలేను. అది రాకపోతే ముందు ఇంజన్ ఆపి ఆ రంధ్రంలో మందపాటి గాలం దారం పెట్టి పొడవండి. ఉప్పో, మట్టో, మళ్లీ ఆ కందిరీగో. అప్పటికీ రాకపోతే కింద నీటి పంపులో రబ్బరు చక్రం రెక్కలు పోయాయి. రెండు నెలలు ఒకే వంపులో నిలిచిపోయి రెక్కలు అలాగే బిగుసుకుంటాయి. మార్చేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క పై దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంది, అది తీయకపోతే కొత్త చక్రం వేసినా ఇంజన్ కాలుతుంది. నీళ్లు లేకుండా "ఒక్క నిమిషం చూద్దాం" అని ఇంజన్ తిప్పితే ఈ చక్రం కాలిపోవడానికి ఆ నిమిషం కూడా పట్టదు. డ్రమ్ములో నీళ్లు పంపు మునిగేంత ఉండాలి.

ఇంజన్ గోల పెడుతోంది, బోటు కదలడం లేదు

ప్రొపెల్లర్ పిన్ను విరిగి ఉంటుంది. పిన్ను లేని రకమైతే మధ్య రబ్బరు జారుతోంది. మధ్య గొట్టం నుంచి రెక్క దాకా పెయింటుతో ఒక గీత గీసి కాసేపు నడపండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే అదే.

ప్రొపెల్లర్ ఎలాగూ విప్పారు కాబట్టి దాని వెనక ఇరుసుకు వల దారం చుట్టుకుందేమో చూడండి. సన్నటి నైలాన్ దారం అక్కడి సీలును కోసేస్తుంది, గేరులోకి ఉప్పునీళ్లు వెళ్తాయి. గేరు ఆయిల్ కింది స్క్రూ కొంచెం వదులు చేస్తే ముందు నీళ్లు వస్తాయి, లేదా ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంటుంది. ఆయిల్ మార్చి ఊరుకోకండి, సీలు కూడా వేయండి.

మిగతావి

కాయిల్ పోవడం, రింగులు అతుక్కోవడం, క్రాంకు సీళ్లు లీకవడం ఉంటాయి. కానీ చాలా తక్కువ, పైవన్నీ చూశాకే వీటి దాకా రావాలి. నిషేధం ముందు రోజు దాకా బాగా తిరిగిన ఇంజన్‌కు పాకలో ఉండగా కాయిల్ పోయిందని ఎవరైనా చెబితే నేనైతే ఇంకోసారి అడుగుతాను. మెకానిక్ దగ్గరకు వెళ్లక తప్పకపోతే వెళ్లండి. ఇంజన్ ఒక్కటే భుజాన వేసుకుని కాదు, ట్యాంకు, పైపు కూడా పట్టుకెళ్లండి.